వేసవిలో నిబ్బరము

"రోహిణికార్తెలో రోళ్లు పగులును" అని మన పెద్దలు చెప్పుదురు. మే నెల తుదివారమున మొదలై జూను మొదటివారము దాటువఱకు నుండు ఈ కార్తెలో పల్నాటిసీమయందు తిరిగినవారికి ఆ సామెతలో అతిశయోక్తి లేదని తోచును. ఈ సీమ సున్నపురాతి నేల. ఇండ్లలో పఱచు నాపరాతి పలకలును, పిడుగురాళ్ల బట్టీలలో కాల్చు సున్నపురాయియు ఇచ్చటివే. ఈ రాయి పగలెల్ల ఎండను త్రాగి, రాత్రివేళ ఆ వేడిని మరల వెడలగ్రక్కును. ఇచ్చటి రెంటచింతల ఆంధ్రప్రదేశమున మిక్కిలి వేడిగల చోట్లలో నొకటిగా పేరుపడినది. అచ్చట వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట వింత కాదు.

2022 లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనే, కృష్ణానది దక్షిణపుటొడ్డున అమరావతి యున్నది. రెంటచింతల యెండ పొడియెండ. పడమటి వడగాడ్పు చెంపపై కొట్టినట్లుండును. అమరావతిలో ఎండ కొంత తక్కువగా నుండు దినములందును ఉక్కపోత విడువదు. సముద్రము మీదినుండి వచ్చు తేమగాలికి నది తేమ తోడగును. ఆకు కదలదు. చొక్కా వీపునకు అంటుకొనును. ముఖము జిడ్డెక్కును. అట్టివేళ నలుగురి నడుమ నిలిచి మాటలాడవలసి వచ్చినచో, చెప్పదలచిన మాటకంటె ముందు మన చెమటయే మనకు గుర్తునకు వచ్చును. "వీరు నన్ను చూచి నవ్వుదురేమో!" యను సంకోచము కలుగును.

విద్యార్థులారా! ఈ సంకోచము చిన్నదిగా కనబడును. కాని యిది ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదికి తెచ్చును. నా యనుభవములోని సంగతి యొకటి చెప్పెదను. అందలి తప్పు నాదే.

చాల సంవత్సరముల క్రిందట నేను పల్నాటిలో నొక పల్లె పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. ఒంటిపూట బడులు జరుగు దినములవి. ఒకనాడు మా బడికి అతిథి యొకరు రానుండిరి. పిల్లలందఱు ముచ్చటగా కనబడవలెనని నా కోరిక. దళసరి బట్టతో కుట్టిన దుస్తులు ధరించి, మెడవఱకు గుండీలు పెట్టుకొని, బూట్లు తొడిగి రావలెనని ఆజ్ఞాపించితిని. తొమ్మిది గంటలకే వారిని ముంగిట బారులు తీర్చి నిలిపితిని. అతిథి రాక ఆలస్యమయ్యెను. గంట గడచెను. మఱియొక గంట గడచెను.

స్వాగతవచనములు చెప్పవలసిన బాలుడు ముందువరుసలో నుండెను. అతని తండ్రి రాతిక్వారీలో కూలి. బాలుడు ఎరువు తెచ్చుకొనిన పాలియెస్టరు చొక్కా తొడిగి వచ్చెను. అది అతనికి బిగుతు. అతడు మాటిమాటికి ముఖము తుడుచుకొనుచు, చంకల క్రింది తడి కనబడకుండ చేతులు దగ్గఱగా ఒత్తిపట్టుకొని నిలుచుట చూచితిని. వినయముగా నిలిచినాడని మెచ్చుకొంటిని కూడ! కొంతసేపటికి అతడు నిలిచినవాడు నిలిచినట్లే కూలెను.

మా బడిలో నీళ్లకుండలు నింపు వృద్ధురాలు పరుగెత్తి వచ్చెను. ఆమె చదువెఱుగనిది. అతనిని వేపచెట్టు నీడకు చేర్పించి, గుండీలు విప్పి, తడిగుడ్డతో మెడయు చంకలును తుడిచి, విసనకఱ్ఱతో విసరసాగెను. విసరుచునే నావంక చూచి, "పంతులుగారూ! కుండ చెమరిస్తేనే గదండీ నీళ్లు చల్లబడేది. బిడ్డకు గాలాడకుండా మెడదాకా గుండీలు పెట్టిస్తిరి" అనెను.

బాలుడు కన్నులు తెఱచెను. మజ్జిగ త్రావి తేరుకొనిన పిమ్మట, "ఉదయమునుండి నీరు త్రాగలేదా?" యని అడిగితిని. అతడు తలవంచుకొని, "లేదు మాస్టారూ! నీళ్లు తాగితే ఇంకా చెమట పోస్తుందని తాగలేదండి. చొక్కా తడిస్తే అందరూ నవ్వుతారని భయపడ్డాను" అనెను.

ఆ మాట నా గుండెలో గ్రుచ్చుకొనెను. నవ్వులపాలగుదునను భయముచేత ఆ బాలుడు దాహమును చంపుకొనెను. ఆ భయమును అతనిలో పెట్టినది నేను.

ఇంతలో అతిథి వచ్చిరి. ఆయన ఖద్దరు లాల్చీ తొడిగియుండిరి. మెడగుండీ విప్పియే యుండెను. వీపుమీద చెమట మఱక అరచేతి వెడల్పున కనబడుచుండెను. ఆయన దానిని దాచుకొనలేదు. సభను వేపచెట్టు క్రిందికి మార్పించి, పిల్లలతోపాటు నేలమీద కూర్చుండిరి. మా బాలుడు ఆ మఱకను చూచెను. సభ ముగియు వేళకు తానే లేచి, నా యనుమతి వేడి, తడిసిన చొక్కాతోనే నాలుగు మాటలు చక్కగా చెప్పెను. ఒక్కరును నవ్వలేదు.

ఆ వృద్ధురాలు చెప్పిన మాటలో శాస్త్రమున్నది. మన శరీరపు లోపలి వేడిమి సుమారు 37 డిగ్రీలు. వెలుపలి వేడిమి అంతకు మించినప్పుడు గాలి మనలను చల్లార్చజాలదు సరిగదా, ఇంకను వేడి చేయును. అప్పుడు మనకున్న ప్రధానమైన దారి చెమట యొక్కటే. మన చర్మమందు ఇరువది లక్షలనుండి నలువది లక్షలవఱకు చెమట గ్రంథులు కలవు. చెమట ఊరుటచేత మాత్రమే శరీరము చల్లబడదు. అది ఆవిరియై పోవునప్పుడు చర్మమునుండి వేడిని గొనిపోవును. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడి తొలగును. 30 డిగ్రీల వెచ్చదనముగల నీటిని ఎనిమిది లీటర్లవఱకు తెర్లించుటకు చాలిన వేడి యిది! మట్టికుండయు ఇట్లే సన్నని రంధ్రములగుండ చెమర్చి, లోని నీటిని చల్లపఱచును. కుండకు నూనెరంగు పూసినచో నీరు చల్లబడదు. బిగుతైన పాలియెస్టరు చొక్కా మన శరీరమునకు పూసిన నూనెరంగు వంటిది.

గాలిలో తేమ హెచ్చుగా నున్నప్పుడు చెమట త్వరగా ఆవిరికాదు. అందుచేతనే పొడియెండలోని 42 డిగ్రీలకంటె ఉక్కలోని 38 డిగ్రీలు ఒక్కొక్కప్పుడు దుస్సహముగా నుండును. కాన చెమట కారుట బలహీనతకు గుర్తు కాదు. మురికితనమునకు గుర్తు కాదు. అది శరీరము తన పనిని తాను సరిగా చేయుచున్నదనుటకు గుర్తు. అప్పుడే ఊరిన చెమటకు దుర్గంధము దాదాపుగా లేదు. చర్మముమీద, ముఖ్యముగా చంకలలో, నివసించు సూక్ష్మజీవులు దానిని మార్చుటచేత వాసన పుట్టును. కావున సిగ్గుపడవలసినది చెమటకు కాదు. స్నానము మానుటకును, విడిచిన చొక్కాను ఉతకక తిరిగి తొడుగుటకును.

ఇక దుస్తుల సంగతి. అమరావతి మహాచైత్యపు శిల్పములను చూచితిరా? పల్నాటి సున్నపురాతిపై చెక్కిన ఆ శిల్పములకు 1816 లో కాలిన్ మెకంజీ దొర చిత్రములు వ్రాయించెను. నేడవి అమరావతిలోని ప్రదర్శనశాలయందే గాక చెన్నైలోను, లండనులోను గూడ నున్నవి. వానిలోని రాజులును, గృహస్థులును, స్త్రీలును ఎక్కువగా సన్నని నడుముబట్టలు ధరించి, తలపాగలతోను, నగలతోను కనబడుదురు. వారికి అలంకారమున లోపము లేదు. ఠీవికి లోపము లేదు. అయినను ఒంటికి గాలి తగులును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన 'పెరిప్లస్' అను నౌకాయాన గ్రంథము, కృష్ణాతీరపు మసాలియా దేశమున సన్నని నూలుబట్టలు విస్తారముగా తయారగునని చెప్పుచున్నది. ఆ నేర్పు నేటికిని అడుగంటలేదు. అమరావతికి దూరము కాని మంగళగిరిలో గుంటమగ్గములపై నేయు నూలుచీరలును, వస్త్రములును దేశమంతట పేరుగన్నవి.

నూలుబట్ట సాధారణమైన గాలిలో తన బరువులో ఎనిమిదవ వంతు కాదు గాని, నూటికి ఎనిమిది పాళ్లవఱకు తేమను పీల్చుకొనును. పాలియెస్టరు నూటికి ఒక పాలైనను పీల్చదు. అయితే నూలుబట్టకును లోపము కలదు. అది మిక్కిలి తడిసినచో త్వరగా ఆరదు. ఉదయమున తొడిగినది మధ్యాహ్నమున మార్చుకొనుట దీనికి విరుగుడు. వదులుగా కుట్టించుకొనుట, తేలిక రంగులు కోరుకొనుట మంచిది.

"గౌరవమునకు దళసరి దుస్తులు వలయును గదా?" యని కొందఱందురు. గాంధీమహాత్ముడు 1921 సెప్టెంబరులో మదురలో కొల్లాయి ధరించెను. 1931 లో లండనులో బ్రిటిషు చక్రవర్తి యిచ్చిన తేనీటి విందునకును ఆ వేషముతోనే వెళ్లెను. ఆయన గౌరవము తగ్గలేదు. జపాను ప్రభుత్వము 2005 లో వేసవి నెలలయందు కోటును, మెడపట్టీని విడిచి కొలువునకు రండని తన యుద్యోగులను ప్రోత్సహించెను. ప్రధానమంత్రియే అట్లు కనబడి దారి చూపెను. మన దేశమున న్యాయవాదులు సయితము సుప్రీము కోర్టు, హైకోర్టులలో తప్ప తక్కిన న్యాయస్థానములందు వేసవిలో నల్లకోటు ధరింపనక్కఱలేదని నియమము కలదు. దేశకాలములకు తగిన దుస్తే గౌరవమైన దుస్తు.

వేసవిలో నిబ్బరముగా నుండుటకు ధనము వలదు, అలవాట్లు చాలును. ఉదయ సాయంకాలములందు స్నానము చేసి, చంకలను, మెడమడతలను పొడిగా తుడుచుకొనవలెను. లోదుస్తులను ప్రతిదినము మార్చవలెను. చెమటకాయలు పేలినచో గోకక, గాలి తగులనీయవలెను. బయలుదేరునప్పుడు గొడుగో, తలగుడ్డయో, తడిపిన తుండుగుడ్డయో వెంట నుండవలెను. దాహమగువఱకు ఆగక నీరు త్రాగవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి, కొబ్బరినీరు, తాటిముంజలు, పుచ్చకాయ మన యూళ్లలో దొరకునవే. ఎక్కువ చెమటపట్టి నీరసించినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి యిచ్చుట మేలు. చెంచాలు తలకొట్టి కొలువవలెను. బడిలో మరుగుదొడ్డి సరిగా లేదని కొందఱు బాలికలు పగలెల్ల నీరు మానుదురు. ఇది ప్రమాదము. అట్టి బాలికలు తమ యుపాధ్యాయినితో చెప్పవలెను. ఆ కొఱత తీర్చుట పెద్దల విధి.

ఎండకు శరీరము ఒక్కనాటిలో అలవాటుపడదు. దినదినము కొంచెము కొంచెముగా తిరిగినచో, ఒకటి రెండు వారములలో అది త్వరగా చెమర్చుటయు, ఉప్పును పొదుపు చేయుటయు నేర్చుకొనును. కావున సెలవులలో నీడపట్టున గడపి, ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నము ఆటలకు దిగరాదు.

నిబ్బరమనగా మొండితనము కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. తలనొప్పి, వాంతి, కండరముల పోటు కలిగినచో వెంటనే నీడకు చేరవలెను. ఒళ్లు కాలిపోవుచు, మాట తడబడుచు, తెలివి తప్పుచున్నచో అది వడదెబ్బ. 108 కు ఫోను చేసి, వాహనము వచ్చులోపల ఒంటిపై నీరు చల్లి విసరవలెను. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు.

చెన్నై ప్రదర్శనశాలలో అమరావతి శిల్పమొకటి కలదు. మదించిన నలగిరి యేనుగు రాజవీథిలో జనులను త్రొక్కుచు వచ్చుచున్నది. కొందఱు పాఱిపోవుచున్నారు. మేడలమీదివారు బెదరి చూచుచున్నారు. బుద్ధుడు నిలిచినచోటనే నిలిచియున్నాడు. ఆ యేనుగే ఆయన పాదములకడ మోకరిల్లినది. ఆయనకు కవచము లేదు, కిరీటము లేదు. ఒక వస్త్రము, స్థిరమైన మనస్సు ఉన్నవి.

ఆ మహనీయుని నిబ్బరము మనకు పూర్తిగా అలవడకపోవచ్చును. అయినను, తడిసిన చొక్కాతో నిలిచి చెప్పదలచిన మాట చెప్పునంత నిబ్బరమును మీలో ప్రతివారును అలవఱచుకొనవచ్చును. మఱియొకటి. ఎండలో రాయి కొట్టువాడు, మిరపకల్లములో పనిచేయు స్త్రీ, నీళ్లకుండ మోయు వృద్ధురాలు చెమటతో మీ యెదుటికి వచ్చినప్పుడు ముక్కు మూసుకొనకుడు. నీడ చూపి, ముందుగా మంచినీరు ఇండు. ఆనాడు మా బాలుని కాపాడినది అట్టి చెమటోడ్చిన చేతులే.

ప్రశ్నలు

1. బాలుడు నీరు త్రాగకుండుటకు కారణమేమి? అందు తప్పెవరిది?
2. మట్టికుండకును మన శరీరమునకును గల పోలికను వివరింపుడు.
3. ఉక్కపోతలో తక్కువ వేడిమియు దుస్సహమగుట కేమి కారణము?
4. మీ యింటివారు వేసవిలో పాటించు అలవాట్లలో మంచివి ఏవి, మార్చుకొనవలసినవి ఏవి?