తెగిన షాఫ్టు గురించి తమ్ముడికి

బాలానగర్, హైదరాబాదు

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కన్వేయరు రోలరు షాఫ్టు బేరింగు పక్కన తెగింది, ఈఎన్8 ఉక్కు మాని ఇంకా గట్టిదైన ఈఎన్24 వేయిస్తే సరిపోతుందా అని అడిగావు. తొందరపడకు. ఉక్కు మార్చేముందు ఆ తెగిన ముఖం చదవాలి.

ఒక అంచు నుంచి చాలా మేర నున్నగా ఉంది చూడు. వేసవిలో చెరువు తగ్గుతూ గట్టు మీద వదిలిన చారల్లా దాని మీద వంపు గీతలున్నాయి. అవతలి కొసన కొద్దిగా మాత్రమే గరుకు. పగులు ఆ నున్నటి అంచున పుట్టి, షాఫ్టు తిరిగినకొద్దీ లోపలికి పాకింది. మిగిలిన కాస్త లోహం బరువు మోయలేక చివర్లో ఒక్కసారిగా తెగింది. ఇది ఫెటీగ్. గరుకు భాగం అంత చిన్నదంటే షాఫ్టు మీద లోడు మరీ ఎక్కువేం లేదు. తప్పు మెట్టు మూలలోనే ఉన్నట్టుంది.

నీ డ్రాయింగులో 25 మిల్లీమీటర్ల బేరింగు సీటు 32కి మారే మెట్టు దగ్గర రేడియస్ రాయలేదు. రాయకపోతే టూలు మొన ఎలా ఉంటే మూల అలా వస్తుంది, టర్నరును అనడానికి లేదు. 6205 బేరింగుకి అక్కడ ఫిల్లెట్ 1 మిల్లీమీటరు దాటకూడదు. దాటితే లోపలి రింగు మెట్టుకి ఆనదు. 0.8 అని రాసి, ఆ చోట టూలు గీతలు లేకుండా పాలిష్ చేయమను. ఇంకా పెద్ద ఫిల్లెట్ కావాలంటే మెట్టుకీ బేరింగుకీ మధ్య, లోపలి అంచు వాలుగా కోసిన స్పేసరు పెట్టు. గట్టి ఉక్కులకు పదును మూలలతో ప్రమాదం ఇంకా ఎక్కువ. మూల సరిచేయకుండా ఈఎన్24 కొంటే పెట్టిన డబ్బుకు తగ్గ ఆయుష్షు రాదు.

రోలరు నడుమ వంగుతోందన్నావు కదా, దానికీ ఈఎన్24 మందు కాదు. ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) అయినా, ఈఎన్8 అయినా, హార్డెనింగ్ చేసిన ఈఎన్24 అయినా యంగ్స్ మాడ్యులస్ దాదాపు ఒకటే, 200 గిగాపాస్కల్స్‌కి కాస్త అటూ ఇటూ. గట్టి ఉక్కు తెగడానికి ఎక్కువ బలం కావాలి, నిజమే. కానీ అంతకుముందు వంగే వంపు మాత్రం అంతే. షాఫ్టు వ్యాసం ఐదో వంతు పెంచితే వంపు దాదాపు సగానికి తగ్గుతుంది. బేరింగుల మధ్య దూరం ఐదో వంతు తగ్గించినా దాదాపు అంతే ఫలితం. బరువు తగ్గుతుందని అల్యూమినియం వైపు చూడకు, అదే సైజులో అది ఉక్కుకి మూడింతలు వంగుతుంది.

రాయదుర్గంలో మీ ఆఫీసుకు దగ్గర్లోనే టీ-వర్క్స్ ఉంది, 2023 మార్చిలో తెరిచారు. నమూనా చేసుకోవడానికి అంత మంచి చోటు అందుబాటులో ఉండడం నీ అదృష్టం. అక్కడ త్రీడీ ప్రింట్ తీయించి అమరిక చూసుకో. కానీ ప్లాస్టిక్ ముక్క చక్కగా అమరినంత మాత్రాన మూల భద్రమని కాదు. అందుకే డ్రాయింగు విడుదల చేసేలోపు ఒకసారి ఇటు రా. బ్లూ లైన్ ఎక్కి అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారితే బాలానగర్ స్టేషనే. లేతు పక్కన నిలబడి, "ఈ మెట్టు మీకెలా వీలు?" అని టర్నరును అడుగు. నీ స్క్రీను మీద కనిపించనివి ఆయన రెండు మాటల్లో చెబుతారు.

రౌండు బారు కొనేటప్పుడు టెస్ట్ సర్టిఫికెట్ అడిగి, అందులోని హీట్ నంబరు బారు మీది నంబరుతో పోల్చు. గ్రేడు గుర్తుగా రంగు వేసిన కొసను ఆఖర్న కోయమను. ముందే కోసేస్తే మిగిలిన ముక్క ఈఎన్8నో ఎమ్మెస్సో చూసి ఎవరూ చెప్పలేరు. బేరింగు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ప్రెస్ చేయించు. బయటి రింగు మీద సుత్తి పడితే దెబ్బ బాల్స్ మీదుగా వెళ్లి ట్రాకుల్లో గుంటలు పడతాయి.

తెగిన ముక్కలు రెండూ జాగ్రత్త. సరిపోతున్నాయో లేదో అని ఒకదానికొకటి ఆనించకు, ఆ గీతలు చెరిగిపోతాయి. వైరు బ్రష్షు పెట్టకు. తుప్పు పట్టకుండా పల్చగా నూనె రాసి, విడివిడిగా చుట్టి ఆదివారం తీసుకురా. పగులు సరిగ్గా మెట్టు మూలలోనే మొదలైందో, కీవే కొసన మొదలైందో భూతద్దం పెట్టి చూద్దాం. కీవే అయితే కొత్త డ్రాయింగులో దాన్ని కూడా మెట్టుకి దూరంగా జరపాలి.

మీ అక్క