కృత్రిమ దిబ్బలు: చేపలు పెరుగుతాయా, పోగవుతాయా?

అనకాపల్లి జిల్లాలోని పూడిమడక, పెంటకోట మత్స్యకారులకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లపై వేట నిషేధం. చేపలకు అది గుడ్లు పెట్టే కాలం. మరి పిల్ల చేపలు తలదాచుకునేదెక్కడ? ఇసుక, బురద పరుచుకున్న అడుగున చాటు తక్కువ. కృత్రిమ దిబ్బల అవసరం అక్కడే.

బోలుగా, రంధ్రాలతో పోతపోసిన కాంక్రీటు దిమ్మెలను సముద్రం అడుగున దింపుతారు. ముందుగా వాటిపై నాచు, ఆల్చిప్పలు పట్టుకుంటాయి. మేత కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు వస్తాయి. దగ్గర్లోనే గాలానికి చేప పడితే చిన్న పడవకు డీజిల్ ఆదా. అడుగును ఊడ్చే ట్రాల్ వలలకు ఈ దిమ్మెలు అడ్డం. పరిరక్షణ కోణంలో అదీ లాభమే, ట్రాలర్ యజమానికి మాత్రం వల చిరిగితే నష్టం.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఆంధ్రప్రదేశ్ సహా తీర రాష్ట్రాల్లో వీటికి నిధులు మంజూరు చేశారు. సాంకేతిక సాయం కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థది. విశాఖపట్నంలో దీని ప్రాంతీయ కేంద్రం ఉంది.

అసలు వివాదం ఒకటుంది. దిబ్బ చేపలను పెంచుతోందా, చుట్టుపక్కలవాటిని ఒకచోట చేర్చి వలకు అప్పగిస్తోందా? వేటకు పరిమితి లేకుంటే రెండోదే జరుగుతుంది.

ఏ చెత్త పడేసినా దిబ్బ కాదు. 1970లలో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో సుమారు 20 లక్షల పాత టైర్లతో ఆస్‌బోర్న్ రీఫ్ కట్టారు. కట్లు తెగి, టైర్లు కొట్టుకుపోయి సహజ పగడపు దిబ్బలనే దెబ్బతీశాయి.