మరపు – మననము

పుట్టి ఒక్క దినమైనను నిండని కోడిపిల్ల కంటబడిన చిన్న పూసనెల్ల పొడిచి చూచును. పూసకు చేదు ద్రవము పూసినచో ఒక్కసారి పొడిచి, తల విదిల్చి, మరునాడు సైతము అట్టి పూసను ముట్టదు. ఆ ద్రవమునే పలుచన చేసి పూసినచో పాఠము కొన్ని గంటలలో చెరిగిపోవును. చదువు అబ్బినది, కాని బలహీనముగ అబ్బినది. దానిని నిలుపుట యెట్లు?

అమెరికాలో కాంప్‌బెల్, జేన్స్ అను మనశ్శాస్త్రజ్ఞులు 1966లో ప్రకటించిన ప్రయోగము ఇచట స్మరింపదగినది. వారు ఎలుకపిల్లలకు రెండు అరల పెట్టెలో ఒక అరయందు విద్యుదాఘాతములిచ్చి భయము నేర్పిరి. పిమ్మట ఒక జట్టును ఊరక విడిచిరి. నెల తిరుగునప్పటికి అవి ఆ భయమును మరచెను. రెండవ జట్టునకు వారమునకొక్క ఆఘాతము మాత్రమిచ్చిరి, అవి మరువలేదు. మూడవ జట్టునకు తొలి పాఠము లేదు, వారపు ఆఘాతములు మాత్రమే. వానికి భయము పట్టలేదు. గుర్తుచేయుట నేర్పుటకు బదులు కాజాలదన్నమాట. తరగతికి రాక, పరీక్షకు ముందు గైడు తిరుగవేయు మిత్రులు ఈ మూడవ జట్టును గూర్చి కొంచెము ఆలోచింతురు గాక!

ఎలుకకు గుర్తుచేయువాడు వేరొకడు. మనుష్యుడు తనంతట తాను తలచుకొనగలడు. రోడిగర్, కార్పికీ అనువారు 2006లో కొందరు విద్యార్థులచే ఒక వ్యాసమును నాలుగు పర్యాయములు చదివించిరి. మరికొందరు ఒక పర్యాయము చదివి, మూడు పర్యాయములు చూడకుండ వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత చదివినవారిదే పైచేయి. వారము గడచిన పిదప వారికి గుర్తున్నది నూటికి 40 పాళ్లు; చూడక వ్రాసినవారికి 61. పుస్తకము ముందుంచుకొని తలయూపుచున్నంతసేపు అంతయు వచ్చినట్లే తోచును. ఆ తోచుటయే మోసము. మన వీధిబడులలో పాఠము ఒప్పజెప్పించుకొను ఆచారమునకు ఈ విధముగ శాస్త్రబలము చేకూరినది. బెత్తము సంగతి వేరు.

ఒక జాగ్రత్త గలదు. తలచుకొన్నపుడు జ్ఞాపకము కొంతసేపు మెత్తబడునని 2000లో నాడర్ మొదలగువారు ఎలుకలయందు చూపిరి. భయమును గుర్తుచేసిన వెంటనే మెదడులో ఒక మందు ఎక్కింపగా ఆ భయము సడలెను; గుర్తుచేయక ఎక్కించిన మందు పనిచేయలేదు. మెత్తబడినది తప్పుగ గట్టిపడుటయు సంభవమే. కావున చూడక వ్రాసిన కాగితమును అప్పటికప్పుడే పుస్తకముతో సరిచూచుకొనవలెను, మరునాటికి వాయిదా వేయరాదు.