వెల్డింగు పనివాని నేత్రరక్షణము: తనంతట నల్లబడు శిరస్త్రాణము, చవుకదియు వెలగలదియు

విద్యార్థులారా! ఇనుప తలుపులును, కిటికీ కటకటాలును చేయు దుకాణముల ముంగిట నీలకాంతి మెఱయుచుండుట మీరు ప్రతిదినమును చూచుచున్నారు. ఆ వెలుగు చూడవలదని పెద్దలు మందలింతురు. ఏల చూడరాదో, చూడక తప్పని పనివాడు ఏ సాధనముచే కన్నులను కాపాడుకొనవలెనో, ఆ సాధనమునందు చవుకది కొనవలెనో వెలగలది కొనవలెనో, ఈ మూడు సంగతులను ఈ పాఠమున తెలిసికొందము.

ఇది కేవలము పరీక్షకొఱకైన పాఠము కాదు. మీలో కొందఱి తండ్రులును అన్నలును ఈ పనిచేతనే కుటుంబములను పోషించుచున్నారు. మఱికొందఱు పదవ తరగతి ముగించి ఐ.టి.ఐ.లో వెల్డరు శిక్షణమునకు పోదురు. పిమ్మట విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలకో, విజయవాడ ఆటోనగరునకో, గల్ఫు దేశములకో పోయి జీవనము చేయుదురు. అట్టివారి మూలధనము రెండు చేతులును రెండు కన్నులును మాత్రమే. చేతికి గాయమైన మానును. కన్ను పోయినచో పని పోయినట్లే.

1. ఆ కాంతిలో నేమున్నది?

విద్యుత్ప్రవాహము రాడ్డు కొననుండి ఇనుమునకు గాలిలో దాటునపుడు ఆర్కు ఏర్పడును. దాని వేడిమి కొన్నివేల డిగ్రీలు. అందుండి మూడు విధములైన కిరణములు వెడలును. మొదటివి కంటికి కనబడు కాంతికిరణములు. ఇవి కన్నులను జిగేలుమనిపించును, వానిలో నీలకాంతి యధికమైనచో కంటి లోపలి రెటీనాకు చెఱుపు చేయగలదు. రెండవవి కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు. మూడవవి పరారుణ కిరణములు; ఇవి వేడిని కలిగించును, ఏండ్ల తరబడి తగిలినచో కంటికటకము మసకబాఱి శుక్లము కలుగుటకు కారణము కావచ్చును.

వీనిలో అతినీలలోహిత కిరణములు మిక్కిలి కపటమైనవి. అవి కార్నియా యను పారదర్శకమైన పైపొరను కాల్చును. కాని ఆ బాధ తత్క్షణమే తెలియదు. పగలు వెలుగును చూచినవానికి కొన్ని గంటలు గడచిన పిమ్మట, తఱచుగా రాత్రివేళ, కన్నులలో ఇసుక పోసినట్లు గరగరలాడును, నీరు కాఱును, దీపము చూడలేడు. సామాన్యముగా ఒకటి రెండు దినములలో ఇది నెమ్మదించును. ఇట్టి సమయమున కన్నులలో చనుబాలు పోయుట, ఆకుపసరు పిండుట మన పల్లెలలో కొందఱి వాడుక. ఇది తగదు. కాలిన పొరపై మలినము పడినచో పుండు పడవచ్చును. మొద్దుబాఱజేయు చుక్కల మందును ఇంట పదేపదే వేసికొనుటయు ప్రమాదమే. కన్నులు మూసికొని విశ్రాంతి తీసికొని, నేత్రవైద్యుని చూడవలెను.

2. నల్లద్దపు సంఖ్యలు

వెల్డింగు అద్దముల నలుపును సంఖ్యలతో గుర్తింతురు. సంఖ్య పెరిగినకొలది కాంతి తక్కువగా లోనికి వచ్చును. 3వ సంఖ్య అద్దము నూటికి సుమారు 14 పాళ్ల కాంతిని, 4వది సుమారు 5 పాళ్లను పోనిచ్చును. 10వ సంఖ్య అద్దము పదివేలలో సుమారు 1.4 పాళ్లను మాత్రమే పోనిచ్చును. ఒక్కొక్క సంఖ్య పెంచినప్పుడు కాంతి అంతకుముందున్న దానిలో నూటికి 37 వంతులకు తగ్గును.

గేట్ల పనిలో వాడు 3.15 మిల్లీమీటర్ల రాడ్డునకు సుమారు నూఱు ఆంపియరుల కరెంటు పెట్టుదురు. దీనికి 10వ సంఖ్య తగియుండును. 160 ఆంపియరులు దాటినచో 11 లేక 12 కావలెను. ఎండకు పెట్టుకొను నల్లకళ్లజోడు ఈ లెక్కలో ఎక్కడను నిలువదు. అది వెలుగును కొంచెము తగ్గించి కన్ను తెఱచి చూచుటకు ధైర్యమిచ్చును గాని, ఆ వెలుగునకు తగిన రక్షణము నీయదు.

పాతపద్ధతి శిరస్త్రాణమునందు అద్దము ఎల్లప్పుడును నల్లగనే యుండును. ఆర్కు వెలుగకమునుపు పనివానికి ఏమియు కనబడదు. కావున అతడు ముసుగెత్తి, రాడ్డును తగినచోట నిలిపి, తల విదిలించి ముసుగును దింపి, పిమ్మట వెలిగించును. చిన్న చిన్న చుక్కలతుకులు వేయునపుడు ఈ శ్రమ కోర్వలేక, కన్నులు మూసికొని వెలిగించువారు పెక్కుమంది. కనుఱెప్ప అంత వేగముగ మూతపడదు. ఆర్కు అంతకంటె వేగము.

3. అద్దము తనంతట నల్లబడుటెట్లు?

1888వ సంవత్సరమున ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడగు ఫ్రీడ్రిఖ్ రైనిట్జర్ ఒక విచిత్ర పదార్థమును గమనించెను. అది నీటివలె పాఱునదైనను, దాని యణువులు స్ఫటికమునందువలె వరుస దీరియుండెను. దీనినే ద్రవస్ఫటిక మందురు. మన గడియారములలో అంకెలు చూపునది ఇదియే.

రెండు ధ్రువణ ఫలకములను ఒకదానికొకటి అడ్డముగ నిలిపినచో కాంతి లోనికి పోదు. వాని నడుమ మెలిదిరిగిన ద్రవస్ఫటికపు పొరను ఉంచినచో, ఆ మెలిక కాంతిని కూడ త్రిప్పి రెండవ ఫలకము గుండ పోనిచ్చును. అప్పుడు అద్దము తేటగానుండును. ఆ పొరకు విద్యుత్పీడనము ఇచ్చినచో అణువులు నిలువుగా లేచును, మెలిక పోవును, కాంతి ఆగును, అద్దము నల్లబడును. ఆర్కు వెలుగును కనిపెట్టి ఈ పీడనము నిచ్చునది ముందరి భాగమున నున్న చిన్న కాంతిగ్రాహకము. స్వీడను దేశమున ఓకె హోర్నెల్ ఈ సూత్రముచే శిరస్త్రాణమును నిర్మింపగా, 1981లో అది స్పీడ్‌గ్లాస్ అను పేర విపణిలోనికి వచ్చెను.

ఇచ్చట ముఖ్యమైన సంగతి యొకటి కలదు. అతినీలలోహిత, పరారుణ కిరణములను అడ్డగించునది ఈ ద్రవస్ఫటికము కాదు. దాని ముందున్న వేఱొక పూతయద్దము. ప్రమాణమునకు సరిపడిన శిరస్త్రాణములో ఆ పూత అద్దము తేటగ నున్నప్పుడును, బ్యాటరీ అయిపోయినప్పుడును పనిచేయుచునే యుండును. కావున నిజమైన సరకునందు ఎప్పుడైన అద్దము నల్లబడకపోయినచో కన్నులు జిగేలుమనును గాని, రాత్రి ఇసుక పోసినట్టి బాధ కలుగరాదు. నకిలీ సరకునందు ఈ పూత యున్నదో లేదో కంటితో కనుగొనుట అసాధ్యము. అందుచేతనే ముద్రలను చదువుట నేర్వవలెను.

4. వెల భేదమునకు కారణములు

మన అంగళ్లలో ఇట్టి శిరస్త్రాణములు వేయి, రెండువేల రూపాయలకును దొరకును. ఇరువది వేలు దాటినవియు కలవు. ఈ భేదము దేనికని అడుగుదము.

మొదటిది చూపు తేటదనము. ఐరోపా ప్రమాణమైన ఇ.ఎన్. 379 ననుసరించి అద్దముపై 1/1/1/2 వంటి నాలుగంకెలు ముద్రింతురు. ఇవి వరుసగా చూపు వంకరలేమి, కాంతి చెదరకుండుట, నలుపు అంతట సమముగ నుండుట, ప్రక్కనుండి చూచినను నలుపు మాఱకుండుట అను గుణములను తెలుపును. 1 ఉత్తమము, 3 అధమము. 2021లో ఐ.ఎస్.ఓ. 16321 అను నూతన ప్రమాణము వెలువడినను, పాతముద్ర గల వస్తువులు ఇంకను కనబడుచున్నవి. అమెరికా ప్రమాణపు ముద్ర జెడ్ 87. చవుక సరకునందు ఆకుపచ్చ మసక యెక్కువ. వెలగలదానియందు రంగులు సహజముగ తోచును, కరిగిన లోహపు అంచు స్పష్టముగ కనబడును.

రెండవది గ్రాహకముల సంఖ్య. చవుకవానికి సామాన్యముగా రెండు, వెలగలవానికి నాలుగు. గొట్టముల నడుమ వంగి పనిచేయునపుడు ఒక గ్రాహకమునకు అడ్డు వచ్చినను మఱియొకటి వెలుగును చూచును. తక్కువ కరెంటుతో చేయు టిగ్గు పనిలో ఆర్కు సున్నితమైనది; చవుకవి కొన్ని దానిని కనిపెట్టలేక మినుకుమినుకుమనుచుండును.

మూడవది తలకట్టును బరువును. అర్ధకిలోగ్రామునకు అటునిటుగ నుండు బరువు గంటసేపటికి తెలియదు. ఎనిమిది గంటలు మోసినచో మెడ చెప్పును. నాలుగవది బ్యాటరీయు, మార్చుకొను పైరేకులును దొరకుట. బ్యాటరీ మార్చుటకు వీలులేని శిరస్త్రాణము, అది అయిపోయిననాడు పూర్తిగ వ్యర్థమగును.

5. ప్రకటనలోని వేగము: ఒక లెక్క

అమ్మువారు అన్నిటికంటె గొప్పగ చెప్పునది వేగము. ఒకటి సెకండులో పదివేలవ వంతున నల్లబడుననియు, రెండవది ఇరువదియైదువేలవ వంతుననే నల్లబడుననియు అందురు. భేదమెంత? 0.0001 నుండి 0.00004 తీసివేయగా 0.00006 సెకండు. పనివాడు దినమునకు 300 మాఱులు ఆర్కు వెలిగించునని యనుకొందము. దినమంతటికి కలిగిన భేదము 0.018 సెకండు.

ఇప్పుడు మఱియొక లెక్క. గ్రాహకము ఒక్కమాఱు విఫలమై అద్దము నల్లబడలేదనుకొందము. పనివాడు ఉలికిపడి కన్ను మూయుటకు సుమారు పావు సెకండు పట్టును. అనగా 0.25ను 0.018చే భాగింపగా, ఆ యొక్క వైఫల్యము దాదాపు పదునాలుగు దినముల వేగభేదమునకు సమానమగుచున్నది! కావున ఎంత వేగముగ నల్లబడుననుటకంటె, ప్రతిమాఱును తప్పక నల్లబడునా అనునదియే అడుగదగిన ప్రశ్న.

6. ఎవరికేది తగును?

గేట్లును కటకటాలును రాడ్డుతో చేయువానికి, దినమునకు కొన్ని గంటలే పనియున్నవానికి, నిజమైన ప్రమాణముద్రయు, మార్చదగిన బ్యాటరీయు, 9 నుండి 13 వఱకు నలుపు మార్చు వీలును గల చవుక శిరస్త్రాణము చాలును. ముద్ర 4/9-13 అని యున్నచో, తేటగ నున్నప్పుడు 4, నల్లబడినప్పుడు 9 నుండి 13 అని యర్థము. తక్కువ కరెంటుతో స్టెయిన్‌లెస్ గొట్టములు అతుకువానికిని, దినమంతయు ముసుగు తీయని కర్మాగారపు పనివానికిని వెలగలది వ్యర్థవ్యయము కాదు. అయితే కర్మాగారమునందు ఈ భారము పనివానిపై పడరాదు; కన్నుల రక్షణము యజమాని బాధ్యతయని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 35వ విభాగముననే విధించిరి.

ఇక రెండింటికిని ధనము చాలనివాడు ఏమి చేయవలెను? ముద్రలేని నకిలీదానిని కొనుటకంటె, కొన్ని వందల రూపాయలకు దొరకు మంచి 10వ సంఖ్య నల్లద్దపు ముసుగే మేలు. దానికి మెడశ్రమ కలదు గాని మోసము లేదు. నల్లద్దము చెడిపోయి తేటపడదు.

తలిదండ్రులకు ఒక మనవి. కుమారుని వెల్డరు శిక్షణమునకు పంపునపుడు బట్టలు కుట్టించుదురు, పెట్టె కొందురు, దారిఖర్చు లిత్తురు. ఆ పట్టికలో ఈ వస్తువును మొదట వ్రాసికొనుడు.

7. వాడుక నియమములు

ప్రతి ఉదయమును శిరస్త్రాణమును చేతబట్టి, గ్రాహకములను ఎండవైపు త్రిప్పి, అద్దము నల్లబడుచున్నదో లేదో పరీక్షింపవలెను. సూర్యునివైపు మాత్రము చూడరాదు. నిప్పురవ్వలచే గ్రాహకములపై పేరుకొను మసిని మెత్తని గుడ్డతో తుడువవలెను. గీతలుపడిన పైరేకును వెంటనే మార్చవలెను. వేసవి యెండలో రేకుల కప్పుపైనను, మోటారుసైకిలుపైనను దీనిని విడువరాదు. ద్రవస్ఫటికము అధికమైన వేడిమిని సహింపదు. ఇది పొగనుండి కాపాడదని ఎఱిగి, గాలి ఆడుచోట పనిచేయవలెను. ప్రక్కన నిలిచినవారికి శిరస్త్రాణము లేదు గనుక, పనిచోట తెర కట్టవలెను.

బడికి పోవు దారిలో ఆ నీలకాంతి కనబడినప్పుడు మీరు ముఖము త్రిప్పుకొనుడు. మీ తమ్ముల ముఖములను గూడ త్రిప్పుడు.

అభ్యాసము

1. 10వ సంఖ్య అద్దము పదివేలలో 1.4 పాళ్ల కాంతిని పోనిచ్చినచో, 12వ సంఖ్య అద్దము ఎంత పోనిచ్చును?
2. బ్యాటరీ అయిపోయిన మంచి శిరస్త్రాణము ఏ కిరణములనుండి ఇంకను కాపాడును? ఏల?
3. మీ వీథిలోని దుకాణమున వాడు ముసుగుపై ఏ ముద్రలున్నవో, పని ఆగియున్న వేళ అనుమతి పొంది చూచి వ్రాయుడు.