అచ్చువేసిన ఆబోతు

వేటపాలెమున రైలెక్కి తిరుపతి యాత్రకు బయలుదేరిన భక్తులు, ఒంగోలు చేరుటకు ముందు కరవది అను చిన్న స్టేషనును చూతురు. 1960 దశకపు తొలి సంవత్సరములలో ఆ గ్రామనామము ధరించిన ఆబోతు ఒకటి బ్రెజిల్ దేశమునకు పోయి, అచటి మందలకు మూలపురుషుడైనది. అచటివారు ఈ జాతిని ‘నెలోర్’ అందురు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే, పేరునకు కారణమిదియే.

తెల్లని మేను, కాటుక దిద్దినట్టి కన్నులు, నల్లని ముట్టె, పొట్టి కొమ్ములు, వ్రేలాడు గంగడోలు, ఉన్నతమైన మూపురము ఒంగోలు జాతి లక్షణములు. మగవానికి మెడమీదను మూపురముమీదను బూడిదచాయ కనబడును. తెల్లని రోమము క్రింద చర్మము మాత్రము నల్లనిది, వదులైనది. ఎండ తాపమునకు అదియే కవచము. పాడి మధ్యమము. రేగడినేలలో బరువైన నాగలి లాగుటకు పుట్టిన జాతి యిది.

ఇంతటి జాతి ఎట్లు నిలిచినది? పెద్దలు గతించినపుడు వృషోత్సర్గము చేయుట మనవారి ఆచారము. ఊరిలో మేలైన కోడెదూడను పెద్దలు పరీక్షించి యెన్నుకొని, శరీరముపై చక్ర త్రిశూల ముద్రలు వేసి, దైవసొత్తుగా విడిచెడివారు. భుజముల శంఖచక్రాంకనము పొందిన వైష్ణవునకు ఆ ముద్ర యర్థము విప్పి చెప్పనక్కరలేదు. అది ఏ చేనిలో మేసినను ఎవరును అదలింపరు. ఊరి ఆవులన్నింటికి దాని సంతానమే. శ్రాద్ధకర్మ యొక్కటే పితరులకు తృప్తిని, మందకు మేలురకమును సమకూర్చినది.

పచ్చికబయళ్లు సేద్యములోనికి వచ్చిన కొలది ఆచారము సన్నగిల్లినది. పనిలేక తిరుగువానిని ‘అచ్చోసిన ఆంబోతు’ అని తిట్టుట మాత్రము మిగిలినది! ఊరంతయు మెచ్చి యెన్నుకొన్న జీవి పేరు తిట్టుగా మారుట విచారకరము.

నేడు గుంటూరు చెంతనున్న లాం క్షేత్రమున, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము పక్షమున ఈ జాతి రక్షింపబడుచున్నది. ఇండ్లలో చిక్కు వేరు. గోదానమునకు ఆవును కోరువారు కలరు. ఆ యావు మగదూడను ఈనినచో ట్రాక్టరు వచ్చిన ఊరిలో దానికి పని లేదు. దానముతోపాటు దాని మేత సంగతియు గృహస్థు విచారింపవలెను. ఇప్పుడు కోడెదూడను ముచ్చటపడి, ఉలవలు పెట్టి పెంచువారు విశేషించి తిరునాళ్లలో బండలాగుడు పందెములకు ఎడ్లను తోలుకొనిపోవు రైతులే.