అసలు కాగితం ఏ పెట్టెలో ఉంది?

"ఆయ్, అన్నీ పీడీఎఫ్‌లు చేసేశామండి" అంటూ ఫోను నా బల్ల మీద పెట్టేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు నుంచి వస్తున్న ఆస్తి తగాదాల్లోనూ బాకీ దావాల్లోనూ ఇదే వరస. సంక్రాంతికి వచ్చిన కొడుకో కూతురో తాతగారి ట్రంకుపెట్టె తెరిచి, ఉన్నవన్నీ స్కాన్ చేసి వెళ్తారు. 1986 గోదావరి వరద, 1996 నవంబరు తుపాను చూసిన డెల్టాలో అది తెలివైన పనే. చేటు ఆ తరవాత వస్తోంది. "చెదలు పట్టినవి ఇంకెందుకు" అని అసలు కాగితాలు పారేస్తున్నారు.

పారేయకండి. స్కాన్ ఉన్నది కాగితాన్ని వెతుక్కోవడానికి.

నా దగ్గరున్న తాజా కేసు చూడండి. కోనసీమ రైతు ఒకాయన ప్రోనోటు మీద అప్పిచ్చాడు. మూడేళ్లు నిండకముందే బాకీదారు కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టాడు. లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ చెల్లు నాటి నుంచి మళ్లీ మూడేళ్ల గడువు. కొడుకు నోటును స్కాన్ చేశాడు, ముందువైపు మాత్రమే. ఇంటికి సున్నాలేయించినప్పుడు అసలు నోటు చెత్తలో పోయింది. ఇప్పుడు బాకీదారు "నేను పైసా కట్టలేదు, నోటుకు కాలం చెల్లింది" అంటున్నాడు. కట్టిన సొమ్మును కట్టలేదని వాదించేవాణ్ణి చూడాలంటే కోర్టుకే రావాలి! పోయిన నోటు మీద కూడా పూచీ ఇచ్చి దావా నడపొచ్చు. కానీ ఆ చెల్లును దేంతో రుజువు చేయాలి?

రిజిస్టరు దస్తావేజైనా అంతే. వేలిముద్రలు, సబ్‌రిజిస్ట్రారు సంతకం, స్టాంపు ఎవరి పేర కొన్నారన్నది తరచుగా వెనకవైపే ఉంటాయి. ఖాళీగా కనిపించినా రెండు వైపులా స్కాన్ చేయండి.

రిజిస్టరైన దానికి కనీసం ఆఫీసు నుంచి సర్టిఫైడ్ నకలు వస్తుంది. ప్రోనోటుకి, తెల్లకాగితం మీద రాసుకున్న పారీకత్తుకి, విక్రయ ఒప్పందానికి ఆ దిక్కూ లేదు. స్టాంపు చాలని ఒప్పందానికి పెనాల్టీ కట్టి దారి చేసుకోవచ్చు, అదీ అసలు ఉంటేనే. దాని నకలు సాక్ష్యానికి పనికిరాదని సుప్రీంకోర్టు 1971లో మన ఆంధ్ర కేసులోనే తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ నకలు పెట్టేముందు అసలు ఎందుకు లేదో చెప్పాలి. "మేమే పారేశాం" అంటే ఎదుటి వకీలుకు పండగే. డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖ జారీ చేసినదానికి అసలుతో సమాన విలువ ఉంది. మీరు ఎక్కించుకున్న ఫొటోకు లేదు. ఆ తేడా చదువుకున్నవాళ్లకీ తెలియడం లేదు.

ఇక వెతుకులాట. దస్తావేజు లేఖరి గొలుసుకట్టు రాతను ఫోను చదవలేదు కాబట్టి పట్టిక మీరే టైపు చేసుకోవాలి: గ్రామం, ఆర్.ఎస్. నంబరు, దస్తావేజు నంబరు, సంవత్సరం, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, రిజిస్ట్రారాఫీసు, చివరి గడిలో అసలు ఎక్కడుందో. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే మిగతావన్నీ దండగ. జిల్లా పేరుతో వెతకొద్దు. 1925కు ముందు కొన్నేళ్ల భీమవరం కాగితాల్లో కృష్ణా జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ తరవాత అమలాపురానిది కోనసీమ. ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ముద్రలు అలుక్కుపోతాయి, జాగ్రత్త.

ఆన్‌లైన్ ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి ఆఫీసులో పాత వాల్యూములు తిప్పించాల్సిందే. "ఆ పేజీ చిరిగిపోయిందండి" అని గుమాస్తా నోటితో చెప్పి పంపేస్తాడు, మీరూ తలూపి వచ్చేస్తారు. ఎందుకొచ్చేస్తారు? ఆ ముక్క రాసిమ్మనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. రికార్డు లేదన్న ఆ కాగితమే రేపు మీ నకలు కోర్టు గడప దాటడానికి పనికొస్తుంది. ఆ కాగితాన్ని కూడా స్కాన్ చేసి, అసలును పెట్టెలో పెట్టండి.

కోనసీమ రైతు సంగతంటారా, చెల్లు రాసినప్పుడు పక్కనున్న మనిషి రావులపాలెంలో ఉన్నాడని తెలిసింది. సాక్ష్యానికి వస్తానన్నాడు, కానీ బాకీదారుకు ఆయన వియ్యంకుడు.