హైవే గాలితో ఫోన్ ఛార్జ్: ఎన్ని లారీలు వెళ్లాలి?

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు 16వ నంబర్ జాతీయ రహదారిపై బైక్ మీద వెళ్తుంటే, పక్కనుంచి లారీ దూసుకెళ్లగానే బండి ఊగుతుంది కదా. ఆ గాలితో కరెంట్ తీయొచ్చా? ఇస్తాంబుల్‌లో ‘ఎన్లిల్’ అనే నిలువు టర్బైన్‌ని ఇందుకే బస్సుల దారి పక్కన పెట్టి చూశారు. మన హైవేకి నేను లెక్క వేశాను.

టర్బైన్ సైజు 1 చదరపు మీటరు, గాలి వేగం సెకనుకి 8 మీటర్లు అనుకుందాం. ఆ గాలిలో ఉండే పవర్ 307 వాట్లు. బెట్జ్ సూత్రం ప్రకారం ఏ టర్బైనూ 59.3 శాతానికి మించి లాగలేదు. చిన్నవాటికి 30 శాతం వేసుకుంటే 92 వాట్లు.

బాగానే ఉంది కానీ, లారీ గాలి 3 సెకన్లే ఉంటుందనుకుంటే వచ్చేది 276 జౌల్స్. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండటానికి సుమారు 69,000 జౌల్స్ కావాలి. అంటే 250 లారీలు! గాలి వేగం సగానికి తగ్గితే పవర్ 8వ వంతే, అప్పుడు 2,000 లారీలు.

పైగా టర్బైన్‌ని వాహనాలకి మరీ దగ్గరగా పెడితే గాలికి అడ్డుపడుతుంది, ఆ భారం కొంత లారీ డీజిల్ మీదే పడుతుంది.

అంతే సైజు సోలార్ ప్యానెల్ మంచి ఎండలో దాదాపు 200 వాట్లు ఇస్తుంది.

నా సలహా: రోడ్డు పక్క సెన్సార్లకి టర్బైన్ ఓకే, దాబాకి, షాపుకి సోలారే బెస్ట్. టర్బైన్ కొనాలనుకుంటే, బాక్స్ మీద రాసిన వాట్లు ఎంత గాలి వేగానికో ముందు అడగండి.